స్థావరమున జంగమము

మన ఇండ్లలో పంపకపు పత్రము వ్రాసినను, వీలునామా వ్రాసినను, ‘స్థావర జంగమాస్తులు’ అను మాట తప్పక వచ్చును. కదలని భూమియు ఇల్లును స్థావరములు. కదలు సొమ్ములు, పశువులు, ధాన్యము జంగమములు. లింగవంతులమైన మనకు ఈ రెండు పదములును వేఱొక అర్థమున గూడ సుపరిచితములు. నిలిచియుండు కట్టడముకంటె నడయాడు జంగమమే పూజ్యమని బసవేశ్వరుడు బోధించెను. అట్లయిన, స్థావరములలో ముఖ్యమైన భూమిని చూపి ‘ఇది నాది’ అని మనమనునప్పుడు ఆ మాటకు అర్థమేమి?

మొదట చట్టమేమనుచున్నదో చూతము. సంజామల చుట్టుపట్ల నున్న నల్లరేగడి చేనొకటి తలచుకొందము. పట్టా ఒకరి పేర నున్నది. బ్యాంకు అప్పునకు ఆ చేను తాకట్టులో నున్నది. గుత్తకు తీసికొన్న వేఱొకడు అందులో శనగ పండించుచున్నాడు. వెనుక చేని రైతు దాని గట్టుమీదుగా తరతరముల నుండి బండి తోలుకొనుచున్నాడు. ఇప్పుడు చేను ఎవరిది? పట్టాదారుడు స్వామ్యము గలవాడు, నిజమే. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము విక్రయమున స్వామ్యమే చేతులు మారును; తాకట్టున ఆస్తియందొక హక్కు ఋణదాతకు చెందును; కౌలున అనుభవించు హక్కు మాత్రము కొంతకాలమునకు సంక్రమించును. అదే సంవత్సరపు అనుభోగ హక్కుల చట్టము ఇరువది యేండ్లు హక్కుగా, నిరాటంకముగా నడచిన త్రోవను మూయరాదనుచున్నది. భూమి ఒక్కటే, దానిమీది హక్కులు పెక్కు. నేల స్థావరమే గాని, దానిపై హక్కులన్నియు ఒకరినుండి ఒకరికి నడచుచుండు జంగమములు.

ఈ సత్యమును మన సీమ రక్తముతో నేర్చుకొన్నది. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో కాలమున పాళెగాండ్ర అధికారము తొలగి, రైతే నేరుగా ప్రభుత్వమునకు శిస్తు చెల్లించు రైతువారీ పద్ధతి వేళ్లూనెను. అంతకు ముందు గ్రామరక్షణ చేయు కట్టుబడివారికి జీతమునకు బదులు ఇనాము భూములుండెడివి. అవి విక్రయించి కొన్నవి కావు. సేవకు ప్రతిఫలముగా అనుభవించినవి. ఆ ఇనాములను కంపెనీవారు తిరిగి తీసికొనుటయు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిరి. కాగితముపై స్వామ్యము లేకున్నను, అనుభవమును నమ్మి బ్రదుకు మనుష్యుని హక్కును త్రుంచివేసినప్పుడు ఎంతటి క్షోభ పుట్టునో ఆ చరిత్ర చెప్పుచున్నది.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారిగా నుండెను. భండారి చేతిలో ధనముండును, తాళపుచెవి యుండును. ధనము మాత్రము అతనిది కాదు. స్వాధీనము వేఱు, స్వామ్యము వేఱు అను న్యాయసూత్రమునకు ఇంతకంటె చక్కని నిదర్శన మేది? భూమి గల ప్రతి శరణుడును శివుని భండారియే. కాయకము చేత ఆర్జించవలెను, దాసోహము చేత వినియోగింపవలెను. ఏరి తెచ్చు బియ్యముతో దాసోహము నడపిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఆతని భార్య లక్కమ్మ మిగులును తిరిగి విడిచి రమ్మనెనని శరణుల కథ. కమతములకు పరిమితి విధించిన 1973 నాటి భూసంస్కరణల చట్టము మన రాష్ట్రమున రాకముందే, ఎనిమిది శతాబ్దములకు పూర్వము, ఒక పేద ఇల్లాలు మనస్సునకు పరిమితి విధించినది.

ఈ బోధ మన ఇంటిలో నేడు పరీక్షకు నిలుచు తావు కౌలుదారుని ముంగిలి. పంట పోయినప్పుడు నష్టపోవువాడు దున్నినవాడు. పరిహారము చేరునది తఱచుగా పట్టా గలవానికి. 2019లో మన రాష్ట్రమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము, యజమాని అంగీకారముతో పదకొండు నెలల ఒప్పందము వ్రాసికొన్నచో, దున్నువానికి రుణము, బీమా, పరిహారము అందుటకు మార్గము చూపినది. ఆ పత్రము వలన భూమిపై ఎట్టి హక్కును కలుగదని ఆ చట్టమే చెప్పినది. అయినను సంతకము చేయుటకు వెనుకాడువారు పెక్కుమంది.

వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. పన్నెండేండ్లు స్వాధీనములో నున్నవాడు యజమాని యగునని వారు వినియున్నారు. కాని ఆ నియమము యజమాని స్వామ్యమును ధిక్కరించి, బహిరంగముగా స్వాధీనము చేసికొన్నవానికి సంబంధించినది. అనుమతితో చేనిలో అడుగిడి గుత్త చెల్లించువాడు, ఎన్నేండ్లు దున్నినను ఆ దున్నుట చేతనే యజమాని కాజాలడు. నిజమునకు వ్రాతయే యజమానికి రక్ష. కౌలుదారుడు అనుమతితో వచ్చెననుటకు అదియే సాక్ష్యము. కావున భయమునకు మందు సంతకము మానుట కాదు, సంతకము చేయుట.

ఆడబిడ్డల విషయము గూడ ఇట్టిదే. పిత్రార్జితమున కుమార్తెకు సమాన హక్కును మన రాష్ట్రము 1986 నాటి సవరణతో, దేశమంతయు 2005 నాటి సవరణతో ఒప్పుకొన్నవి. స్త్రీపురుషులకు సమానముగా ఇష్టలింగమును ధరింపజేసిన మతమువారము, పసుపు కుంకుమల పేర కొంత సొమ్మిచ్చి హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొనుట తగునా? ఒకచోట చేయవలసిన సంతకమును మానుచున్నాము. వేఱొకచోట అడుగరాని సంతకమును అడుగుచున్నాము.

మఠములకును ఈ మాట వర్తించును. మఠాధిపతికి మఠపు ఆస్తిపై కొంత అనుభవ హక్కు గలదని, అయినను అతడు సంపూర్ణ స్వామి కాడని శిరూరు మఠపు వ్యాజ్యమున 1954లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. పీఠమున కూర్చున్నవారే భండారులైనప్పుడు గృహస్థులమైన మనము అంతకంటె అధికులము కాము గదా! మఠమాన్యములను దున్ను కౌలుదారులకు ముందుగా పత్రము వ్రాసి యిచ్చి మఠములే త్రోవ చూపినచో భక్తులు వెంట నడతురు.

పట్టా పుస్తకమున పేరు మనకు ముందు వేఱొకరిది, మన తరువాత మఱియొకరిది. నడుమ మన పేరున్న కొద్ది యేండ్లలో ఆ చేనిమీద ఎందరి హక్కులను మన్నించితిమి అనునదే భండారి లెక్క. ఈ యేడు విత్తనము పడకముందే ఆ లెక్క ఒకసారి చూచుకొందము.