చదివినవారి ఋణం

సమాజాన్ని వేళ్లదాకా తవ్వి ప్రశ్నించే పుస్తకాలను పదిమంది ఒకచోట కూర్చుని చదువుకోవడం మంచిదా, కాదా? మంచిదే అయితే, చదివినవాళ్లు ఆ తర్వాత ఎవరికి ఏం బాకీపడతారు? తిరుచ్చులిలో అటువంటి పఠన మండలి ఒకటి పెట్టుకుంటే ఎట్లా ఉంటుందన్న ఆలోచన మిత్రుల మాటల్లో వచ్చింది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏ వారం కూర్చోవాలి, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది పై రెండు ప్రశ్నలు.

'రాడికల్' అన్న మాట వినగానే మన పెద్దలు ఉలిక్కిపడతారు. ఆంధ్రలో 1970లలో పుట్టిన రాడికల్ విద్యార్థి సంఘం, ఆ తర్వాతి కాల్పులు, జైళ్లు వారికి గుర్తుకొస్తాయి. నిజానికి లాటిన్ భాషలో ఆ మాటకు మూలం వేరు. ముల్లంగికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఆ వేరునుంచి మొలిచిందే. గరికను పైపైన కోస్తే చావదని కరిసల్ భూమిలో సేద్యం చేసేవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. వేరు ఎక్కడుందో చూడాలనడమే రాడికల్ ఆలోచన. చూసిన తర్వాత ఏం చేయాలన్నది వేరే ప్రశ్న.

అయితే ఆ భయం ఉత్త భయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2011 ఏప్రిల్‌లో డాక్టర్ వినాయక్ సేన్‌కు బెయిలిస్తూ సుప్రీంకోర్టు, గాంధీ ఆత్మకథ ఇంట్లో ఉన్నంతమాత్రాన ఎవరూ గాంధేయవాది కానట్టే, మావోయిస్టు సాహిత్యం ఉన్నంతమాత్రాన ఎవరూ మావోయిస్టు కారని స్పష్టం చేసింది. అయినా 2018లో మొదలైన భీమా కోరెగావ్ అరెస్టుల్లో ఆచార్యులు, న్యాయవాదులు, మన వరవరరావు వంటి కవి, విచారణ మొదలుకాకుండానే ఏళ్లూ నెలలూ జైలులో గడిపారు. కాబట్టి మండలి పెట్టదలచినవారు మొదటిరోజే ఒక నియమం పెట్టుకోవాలి. తలుపులు తెరిచి చదవాలి. చదివే పుస్తకాల పేర్లు గోడమీద అంటించాలి. నచ్చనివాడు కూడా వచ్చి కూర్చుని వాదించగలగాలి. ఇది జాగ్రత్త కోసం మాత్రమే కాదు. పదిమందికీ చెప్పలేని సత్యాన్ని పదిమంది కోసం చదువుతున్నామనడంలో ఏదో వంకర ఉంది.

ఈ నేలకు ఇటువంటి చదువు కొత్త కాదు. మూడవ సుయమరియాదై మహాసభ 1931 ఆగస్టులో విరుదునగరంలోనే జరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో పెరియార్ 'కుడి అరసు' పత్రికలో కమ్యూనిస్టు ప్రణాళిక తమిళంలో అచ్చయింది. ఆ తర్వాతి దశాబ్దాలలో ద్రావిడ ఉద్యమం ఊరూరా పడిప్పగాలు పెట్టించింది. ఒక బెంచీ, రెండు పత్రికలు, పైన ఒక రేకు, అంతే. చదువు వచ్చినవాడు బిగ్గరగా చదివితే, రానివాడు వినేవాడు, విని వాదించేవాడు. సముద్రాలకవతల క్యూబాలో చుట్టల కార్ఖానాల పనివాళ్లు 1865నుంచే తమ కూలిలోంచి తలా కాస్త వేసుకుని, తాము చుట్టలు చుడుతుండగా పత్రికలూ నవలలూ చదివి వినిపించే మనిషిని పెట్టుకున్నారు. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మన ఆంధ్రలో 1937లో కొత్తపట్నంలో పెట్టిన వేసవి రాజకీయ పాఠశాలకూ నిషేధమే ఎదురైంది. నలుగురు కలిసి చదవడంలో ఏం బలముందో చదివేవాళ్ల కంటే ముందు నిషేధించేవాళ్లకే తెలుస్తుంది కాబోలు.

మన పక్కనే కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్, ఆయన చిన్ననాటి స్నేహితుడు కు. అళగిరిసామి, ఇద్దరూ ఆ ఊరివారే. కి.రా. బడిచదువు అంతంతమాత్రం. స్నేహితుడితో కలిసి చదివిన చదువు, కమ్యూనిస్టు పార్టీతో, రైతు పోరాటాలతో తిరిగిన తిరుగుడు ఆయన్ను తయారుచేశాయి. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన కథను ఆయన తమిళంలో 'గోపల్ల గ్రామం' పేరిట 1976లో రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పల్లెటూళ్లో సిద్ధాంతమేమిటని నవ్వేవారికి ఆ ఊరే జవాబు.

ఇక అసలు విషయానికి వద్దాం. మొదట ఏం చదవాలి? మార్క్స్ 'కాపిటల్' అంటే జర్మనీ గొడవ, ఇంగ్లండు గొడవ అనుకుంటాం. 1867లో వచ్చిన ఆ మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయం తీసి చూడండి. అక్కడ కనిపించేది తీపెట్టి ఆఫీసు! ఇంగ్లండులో అగ్గిపుల్లల పరిశ్రమ 1833లో మొదలైందనీ, పనివాళ్లలో సగం మంది పదమూడేళ్లలోపు పిల్లలూ, పద్ధెనిమిది నిండని కుర్రవాళ్లూ అనీ, ఆ పనివల్ల దవడకు జబ్బు వచ్చేదనీ ప్రభుత్వ విచారణ నివేదికల ఆధారంతోనే ఆయన చెబుతాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1923 ప్రాంతంలో, శివకాశినుంచి ఇద్దరు వ్యాపారులు కలకత్తా వెళ్లి ఆ విద్య నేర్చుకొచ్చారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి వానలేని పల్లెల్లో వేల కుటుంబాలకు అది గంజి పోసింది. ఆ గంజిలో పిల్లల బాల్యమూ కలిసింది. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పనిలో బిడ్డను పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు కట్టాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు కారణం మన శివకాశి పిల్లలే.

తేడాలున్నాయి, వాటినీ చదవాలి. ఇంగ్లండులో దవడలను తినేసిన తెల్ల భాస్వరాన్ని అగ్గిపుల్లల్లో వాడకుండా మన దేశంలో 1913లోనే చట్టం వచ్చింది. పుస్తకంలో ఉన్నదంతా ఇక్కడా ఉందనడం చదవడం కాదు, వల్లె వేయడం. కానీ అదే సంపుటంలో లెక్కకింత అని ఇచ్చే కూలి గురించిన అధ్యాయాన్ని డబ్బీలకు లేబుళ్లు అతికించే అక్క ఎదుట చదివి చూడండి. ఎన్ని చేస్తే అంత డబ్బు కనుక ఎక్కువసేపు కూర్చోవడం తనకే లాభమని పనిచేసేవాళ్లకు తోస్తుంది. మేస్త్రీ కాపలా అక్కర్లేదు, సరుకే కాపలా కాస్తుంది. మధ్యలో దళారి చేరి తన వంతు తీసుకుంటాడు. అందరూ వేగం పెంచితే రేటు తగ్గుతుంది. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలియనిదల్లా ఇది తన రాత కాదు, ఒక ఏర్పాటు అన్న సంగతి. సిద్ధాంతం చేసే మేలు ఇదే. రాత అనుకున్నదాన్ని ఏర్పాటుగా చూపిస్తుంది. మనుషులు చేసిన ఏర్పాటును మనుషులు మార్చగలరు.

ఇక్కడే చదివేవాడికి చిక్కు మొదలవుతుంది. ఆమె కష్టం అతనికి పుస్తకంలో ఉదాహరణ అయింది. ఆ ఉదాహరణతో అతని బుద్ధి పెరిగింది, నలుగురిలో మాటకు విలువ పెరిగింది. ఆమెకేం పెరిగింది? ఒకరి బాధనుంచి జ్ఞానం తీసుకుని తిరిగి ఏమీ ఇవ్వకపోతే, అది కూడా ఒకరకం అదనపు విలువే కదా!

ఈ చిక్కు మన తెలుగువారి మధ్య ఇంకా బిగుస్తుంది. ఈ ప్రాంతంలో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అరుంధతీయులలోనూ చాలామంది ఇంట్లో తెలుగే. భాష ఒకటే, వీధులు వేరు. 'మన భాష, మన సంస్కృతి' అని సభలు పెట్టినప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారు? 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలోపల 3 శాతం కేటాయించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తెలుగు మాట్లాడే ఇంతమందికి సంబంధించిన ఈ విషయాన్ని మన తెలుగు సంఘాల వేదికలమీద ఎన్నిసార్లు విన్నాం?

అంబేద్కర్ 'కులనిర్మూలన' 1936లో లాహోరు సభకోసం రాసిన ఉపన్యాసం. పిలిచినవాళ్లే అందులోని మాటలకు జంకి సభను మానేశారు. ఆయన సొంత ఖర్చుతో అచ్చువేశారు. సంస్కర్తలమనుకున్నవారు ఎక్కడ ఆగిపోతారో ఆ పుస్తకం పుట్టుకే చెబుతుంది. దాన్ని పైవీధిలో ఒక ఇంటి వసారాలో, పైవీధివాళ్లే కూర్చుని చదివితే ఆ లాహోరు సభ మన ఊళ్లో మళ్లీ ఆగిపోయినట్టే. అందుకని చదువు జరిగే చోటు ఏ కులంవాళ్లయినా అనుమతి అడగకుండా అడుగుపెట్టగల చోటు కావాలి. అట్లాంటి చోటు ఊళ్లో ఉందా అని వెతకడమే మండలి మొదటి పాఠం.

రెండో పాఠం పిలుపు. మన ఇంటి తెలుగులో 'మీరు' ఉంది, 'నువ్వు' ఉంది, 'ఒరే' కూడా ఉంది. తెల్లజుట్టు మనిషిని పిల్లవాడు 'ఏరా' అనడానికీ, ఆ పెద్దమనిషి పిల్లవాణ్ణి 'సామీ' అనడానికీ చోటిచ్చింది మన తీయని తెలుగే. సమానత్వం గురించి చదివే చోట అందరూ అందరినీ 'మీరు' అనాలి, లేదా వయసునుబట్టి అన్నా, అక్కా అనాలి. పుస్తకం తెరవకముందే సగం సిద్ధాంతం అక్కడ అమలవుతుంది.

లిపి మాటేమిటి? మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక ఆ దారి మరింత ఇరుకైంది. కాబట్టి తమిళంలో చదువుదాం, ఇంటి తెలుగులో మాట్లాడుకుందాం. దీనివల్ల నష్టంకంటే లాభమే ఎక్కువ. 'ఉపరి మతిప్పు' అన్నా 'అదనపు విలువ' అన్నా నోటికి అందని మాటలే. కూలి, వారం, పాలు, మిగులు అన్న మాటలతో దాన్ని అమ్మకు చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే మళ్లీ చదవాలి. అమ్మ అడిగే ఎదురుప్రశ్నకు జవాబు లేకపోతే పుస్తకాన్నే అనుమానించాలి.

ఒక ఆక్షేపణ ఉంది. చదివి ఏం లాభం, చెయ్యాలి గాని! మరొకటి దానికి ఎదురు: చదివితే చాలు, అందరూ ఉద్యమాల్లోకి దూకనక్కరలేదు. రెండింటిలోనూ సగం నిజముంది. చదవకుండా చేసినవాడు వేరనుకుని కొమ్మను నరుకుతాడు. చదివి ఊరుకున్నవాడు వేరు కనిపించినా కళ్లు మూసుకుంటాడు. నాకు తోచిన కొలత ఇది: ఏ పేజీ మనకు లాభం తెస్తున్న ఏర్పాటును గురించి చెబుతుందో, ఆ పేజీ దగ్గరే మన ఋణం మొదలవుతుంది. తీపెట్టి ఆఫీసు యజమాని కొడుకు మండలికి రావచ్చు, రావాలి కూడా. కానీ కూలి గురించిన అధ్యాయం చదివిన వారం అతను తమ ఆఫీసు లెక్కలపుస్తకం ఒకసారి తెరిచి చూడాలి. భూమి ఉన్నవాడు తన పొలంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇచ్చే కూలిలో తేడా చూడాలి. మగవాడు ఇంట్లో ఎవరు చివర తింటున్నారో చూడాలి. లోకం మారే దాకా ఆగనక్కరలేని బాకీలివి. ఏ లాభమూ లేక, కష్టమే ఉన్నవారికి ఈ ఋణం లేదు; వారు చదవడం తమకు రావలసినది తెలుసుకోవడం.

తిరుచ్చులి అనగానే లోకానికి గుర్తొచ్చేది 1879 డిసెంబరు 30న అక్కడ పుట్టిన రమణ మహర్షి. 'నేనెవరు?' అని ప్రతి ఒక్కరూ తనను తాను అడుక్కోవాలన్నారు. ఆడవారి స్వేచ్ఛకోసం తెలుగుదేశాన్నంతా ఎదిరించిన చలం 1950లో అరుణాచలం చేరి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. వేరుదాకా వెళ్లాలనుకునేవారికి ఆ ప్రశ్న ఎందుకు దగ్గరవుతుందో ఊహించవచ్చు. రెండూ పైపై జవాబులతో తృప్తిపడవు. అయితే 'నేనెవరు' ఒంటరిగా అడగగల ప్రశ్న. 'మనమెవరం' అన్నది ఒంటరిగా అడగలేం. దానికి మరొక వీధిమనిషి ఎదురుగా కూర్చోవాలి, అతని జవాబు మన జవాబును కాదనగలగాలి.

అందుకే మండలి కావాలి. నెలకు ఒక్క అధ్యాయం చాలు. ఒక్కోసారి ఒక్కొక్కరు బిగ్గరగా చదవాలి. చదువురానివారు ముందు ప్రశ్న వేయాలి. రెండో నెలనుంచి, కొత్త అధ్యాయం మొదలుపెట్టేముందు, పోయిన నెల చదివినదానివల్ల ఎవరు ఏం మార్చుకున్నారో ఒక్క మాట అడగాలి. చెప్పడానికేమీ లేని నెలలు చాలా ఉంటాయి. ఉన్నా ఫరవాలేదు, అడగడం మాత్రం మానకూడదు.