తీసేసేవాళ్ళ బాధ్యత

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కొత్త వెర్షన్ వచ్చిందంటే కొత్తగా ఏం చేర్చారో ముందు చెబుతారు. ఏం తీసేశారన్నది ఎక్కడో అడుగున ఉంటుంది. నా ఆలోచనంతా ఆ అడుగున ఉన్న మాట గురించే. ఒకరు తయారుచేసి ఊరికే ఇచ్చిన వస్తువులోంచి ఒక భాగాన్ని తీసేసే హక్కు వాళ్ళకు ఉందా? ఉంటే, దానికి అలవాటుపడిన మనకు వాళ్ళేమైనా బాకీ ఉన్నారా?

ఇది ఊసుపోక అడుగుతున్న ప్రశ్న కాదు. కువైట్ నగరానికి పడమటి దిక్కున ఉన్న జహ్రాలో ఉంటూ, సెలవురోజుల్లో నేను పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటాను. ఫోను చెయ్యాలంటే నెల జీతం గుర్తొచ్చే రోజుల్లో, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళలో చదువురాని వాళ్ళకు క్యాసెట్టే ఉత్తరం. ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళ పెట్టెల్లో అది వచ్చేది. ఒకవైపు అమ్మ, రెండోవైపు పిల్లలు. ఆవు ఈనింది, పెయ్యదూడ. గోడ సగం లేచింది. డబ్బు అందింది. నువ్వెప్పుడొస్తావమ్మా? ఆ గొంతుల్లో కొన్ని ఇప్పుడు లోకంలో లేవు.

ఈ పనికి నేను వాడేది ఆడాసిటీ. డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి, 2000లో బయటికి తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పాత వెర్షన్లలో ఒక ప్రాజెక్టు అంటే ఒక చిన్న ఏయూపీ ఫైలూ, దాని పక్కన ఒక ఫోల్డరూ. అసలు గొంతంతా ఆ ఫోల్డర్లో, మామూలుగా ఒక్కోటి ఆరేడు సెకన్లకు మించని ముక్కలుగా ఉండేది. తెలియనివాళ్ళు ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే, అక్కడ తెరిచినప్పుడు వినిపించేది నిశ్శబ్దమే. 2021 మార్చిలో వచ్చిన 3.0 ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, అంతా ఒకే ఫైలులో పెట్టింది. అదే ఏడాది వచ్చిన 3.1లో, శబ్దాన్ని ముందుకీ వెనక్కీ జరిపే టైమ్ షిఫ్ట్ టూల్‌ను తీసేశారు. ముక్క పైఅంచు పట్టుకుని లాగితే చాలన్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. తీసేసేవాళ్ళ వైపు న్యాయం ఉంది. ప్రతి పాత సదుపాయాన్నీ ఎవరో ఒకరు మోస్తుండాలి. కొత్తది ఒకటి చేర్చినప్పుడల్లా అది పాతవాటన్నిటితోనూ సర్దుకుంటుందో లేదో, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పరీక్షించాలి. అన్నీ ఉంచమనడం తేలిక, మొయ్యడం కష్టం. నా చేతికి అలవాటైందన్న ఒక్క కారణంతో ఇంకొకరు జీవితాంతం ఆ బరువు మొయ్యాలనడం అన్యాయం. టైమ్ షిఫ్ట్ టూల్ పోయిందని నొచ్చుకున్నవాళ్ళున్నారు గానీ, వాళ్ళు పోగొట్టుకున్నది అలవాటును మాత్రమే. పని ఆగలేదు.

ఫైలు సంగతి వేరు. అందులో ఉన్నది సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ సొత్తు కాదు, ఎవరో తల్లి గొంతు. పనిముట్టును మార్చుకునే హక్కు దాన్ని చేసినవాళ్ళది. ఆ పనిముట్టుతో మనం దాచుకున్నదాన్ని మనకు అందకుండా చేసే హక్కు మాత్రం వాళ్ళకు లేదు. ఈ తేడా 3.0 తెచ్చినవాళ్ళు పాటించారు. అది పాత ఏయూపీని తెరిచి కొత్త రూపంలోకి మారుస్తుంది. పాత వెర్షన్లను దించుకునే వీలు కూడా ఉంచారు. అయినా ఒక చిక్కు మిగిలింది. కొత్త ఫైలును పాత వెర్షన్ తెరవలేదు. అంటే, కొత్త వెర్షన్ నడవని పాత కంప్యూటరున్న ఇంటికి నా ప్రాజెక్టు పంపితే లాభం లేదు. మార్పు ఎంత మంచిదైనా, దాని ఖర్చు ముందుగా పడేది చేతిలో డబ్బు లేనివాళ్ళ మీదే.

ఇది కంప్యూటర్లతో ఆగిపోయే విషయం కాదని కువైట్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 60 ఏళ్ళు దాటిన, యూనివర్సిటీ డిగ్రీ లేని విదేశీయులకు వర్క్ పర్మిట్ రెన్యూ చెయ్యకూడదన్న నిర్ణయం 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 2022లో పెద్ద రుసుమూ ఆరోగ్య బీమా షరతూ పెట్టి అనుమతించారు. తర్వాత ఆ ఆంక్షనూ ఎత్తేశారు. ఏ దేశానికైనా తన నియమాలు మార్చుకునే అధికారం ఉంటుంది, కాదనను. కానీ ముప్ఫై ఏళ్ళు ఇక్కడే వంటచేసిన మనిషికి, బండి నడిపిన మనిషికి, ఆ మధ్యకాలం ఎలా గడిచి ఉంటుంది? సాఫ్ట్‌వేర్‌లో పాత ఫైలుకు దొరికిన దారి, ఆ మనిషికి వెంటనే దొరకలేదు.

కాబట్టి తీసేసేవాళ్ళకు మూడు బాధ్యతలున్నాయంటాను. ముందుగా చెప్పాలి. దాచుకున్నది కొత్తచోటికి చేర్చుకునే దారి చూపాలి. ఆ దారిలో నడవలేనివాళ్ళకు కొంత గడువివ్వాలి. ఇంతకుమించి అడగడం మన అత్యాశ. మన వంతు బాధ్యతా ఉంది. ఉన్న ఒక్కగానొక్క గొంతును ఒకే సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే రూపంలో వదిలెయ్యకూడదు. అందుకే క్యాసెట్ ఇచ్చినవాళ్ళకు ప్రాజెక్టుతో పాటు, దాదాపు ఏ కంప్యూటరైనా వినిపించగల వేవ్ ఫైలు కూడా ఇస్తాను.

క్యాసెట్టు కూడా తిరిగి ఇచ్చేస్తాను. దాన్ని వినిపించే యంత్రం చాలామంది ఇళ్ళల్లో లేదని తెలుసు. అయినా, ఇక దీన్ని పారెయ్యండమ్మా అనే మాట నా నోటి నుంచి రాకూడదు. అది వాళ్ళు చెప్పాల్సిన మాట.