ఆయుధం: హక్కా, అనుమతా?

1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధ చట్టం తెచ్చి, లైసెన్సు లేనిదే భారతీయులు ఆయుధం ధరించరాదని శాసించింది. ఐరోపా జాతీయులకు మాత్రం మినహాయింపు లభించింది. ఈ భేదబుద్ధి జాతీయవాదులకు అవమానంగా తోచింది. 1931 నాటి కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండడాన్ని పౌరుని హక్కుగా పేర్కొన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట దృక్పథం మారింది. ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చాలని 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ వ్యతిరేకించారు, సవరణ వీగిపోయింది. 1959 ఆయుధ చట్టం లైసెన్సు పద్ధతినే కొనసాగించింది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడింటి నుండి రెండింటికి తగ్గించింది.

ఇందులో వైరుధ్యమున్నదా? పరపాలనలో ఈ ప్రశ్న పాలకునికీ పాలితునికీ మధ్యది. స్వపాలనలో అది పౌరునికీ పౌరునికీ మధ్యది. పొరుగువాని చేతిలోని తుపాకిని చూసి నోరు మూసుకోవలసిన చోట సమానత్వం నిలువదు. ధనబలం, కులబలం చెల్లుబాటయ్యే సమాజంలో తుపాకి మొదట చేరేది బలవంతుని ఇంటికే.

అయినా, ఠాణాకు దూరంగా ఒంటరిగా పొలంలో రాత్రి గడిపే రైతు భయం నిరాధారం కాదు. ఆయుధాన్ని నియంత్రించిన రాజ్యమే ఆ భయానికి సమాధానం చెప్పాలి. పౌరుడు వదలుకున్న ఆయుధం రాజ్యం మీద ఉన్న ఋణం వంటిది. సకాలంలో అందే రక్షణ ద్వారానే అది తీరుతుంది.