ప్రేక్షకుని ధర్మము

జూదరి దోషమును గూర్చి పెద్దలు చాల చెప్పిరి. ప్రక్కన నిలిచి చూచి, ఆ ముచ్చట లోకమునకు వ్రాయువాని మాట యేమి?

2003లో లాస్ వేగాస్ పోకరు పోటీలో 839 మంది ఆడిరి. ఇంట కంప్యూటరుపై చిన్న సొమ్ముతో ఆడి అందు చోటు సంపాదించిన మనీమేకర్ అను అకౌంటెంటు (ఇంటిపేరును చిత్రమే!) 25 లక్షల డాలర్లు గెలిచెను. టెలివిజను ఆ కథనే చాటెను; మరుసటి యేట ఆడవచ్చినవారు 2,576 మంది. తొలియేట బహుమతి దక్కినది 63 మందికే. వట్టి చేతులతో లేచిన తక్కిన 776 మంది కథ మన పెన్నాగరము దాక రాలేదు.

కురుసభలో వికర్ణుడును ప్రేక్షకుడే. ఐనను ద్రౌపది పక్షమున నోరు విప్పెను. పందెమును వర్ణించువాడు ఓడినవాని యింటికిని పోవలెను. తమిళనాడు 2022లో ఆన్‌లైను జూదమును నిషేధించుచు శాసనము చేసినది అట్టి యిండ్లలోని ఆత్మహత్యలను చూచియే.