బొమ్మల కథలూ, పిల్లల నీతీ

చిన్నతనంలో టెలివిజన్‌లో చూసిన కార్టూను కథలు తమకు జీవితానికి పనికివచ్చే నీతులు నేర్పాయని చెప్పేవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. టామ్ అండ్ జెర్రీ చూసి, బలహీనుడు కూడా తెలివి ఉంటే బలవంతుణ్ణి ఓడించగలడని గ్రహించానంటారొకరు. శక్తిమాన్ చూసి అబద్ధమాడకూడదని తెలుసుకున్నానంటారు మరొకరు. నేను కళాశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి గనక ఈ మాటలు సహోద్యోగుల దగ్గరా వింటాను, విద్యార్థుల దగ్గరా వింటాను. కాలక్షేపం కబుర్లని వీటిని కొట్టిపారెయ్యటం సులభమే. కాని వీటి వెనక ఒక అసలైన తాత్విక ప్రశ్న ఉంది. నీతి మనిషికి ఎక్కణ్ణించి వస్తుంది? చెబితే వస్తుందా, చూస్తే వస్తుందా, బతికితే వస్తుందా?

చెబితే వస్తుందని నమ్మేవాళ్ల సంగతి ముందు చూద్దాం. అమెరికాలో 1983లో ప్రసారమైన హీ-మాన్ కథలు తర్వాత మన దూరదర్శన్‌లోకి కూడా వచ్చాయి. మాటెల్ అనే కంపెనీ 1982లో అమ్మకానికి పెట్టిన ఆటబొమ్మల కోసం ఈ కథలు పుట్టాయి గాని, కథల కోసం బొమ్మలు పుట్టలేదు. కథ ముగిశాక ఒక పాత్ర పిల్లల వైపు తిరిగి, ఈవేళ మనం నేర్చుకోవలసింది ఫలానా అని చెప్పేది. ఇరవై నిమిషాల కొట్లాటకు కొద్ది క్షణాల నీతి. సరుకు అమ్మిన దుకాణదారు చేతిలో పెట్టే రసీదులాంటిది అది. పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువ అవసరం. పెద్ద బాలశిక్ష చదివిన జాతికి కథ చివర నీతి అంటించటం కొత్తేమీ కాదు గనక మనవాళ్లకు అది ఎబ్బెట్టుగా కనిపించలేదు.

ఆ నీతి తెలుగు పిల్లలకు ఎంతవరకు చేరింది? నేను పెరిగిన చిన్న పట్నంలో, 1990ల్లో, ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మేము చూసిన బొమ్మల కథలన్నీ హిందీలో ఉండేవి. మా వీధి పిల్లల్లో హిందీ వచ్చినవాడు ఒక్కడూ లేడు. కిప్లింగు అనే ఇంగ్లీషువాడు మన దేశపు అడవుల గురించి 1894లో అచ్చువేసిన కథల్ని, జపానువాళ్లు 1989లో బొమ్మలుగా గీస్తే, వాటికి హిందీ మాటలు తగిలించి ఢిల్లీవాళ్లు పంపిస్తే, మేము నోరు తెరుచుకుని చూశాం. ఇన్ని చేతులు మారి వచ్చిన సరుకులో మాటల రూపంలో ఉన్న నీతి మాకు దక్కే అవకాశం ఏదీ? అయినా మాకు కొంత తెలిసింది. తోడేళ్ల గుంపులో ఎవరి మాట చెల్లుతుందో, పులికి ఎవరు భయపడతారో, మోగ్లీకి ఎవరి పక్కన ఉంటే ధైర్యమో, ఇవన్నీ భాషతో పని లేకుండానే తెలిశాయి. కథలో పిల్లవాడికి ముందుగా చేరేది మాట కాదు, ఏర్పాటు. ఆ లోకంలో ఎవరు పైన, ఎవరు కింద, ఎవరికి తిండి ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరికి దెబ్బ తగిలితే జాలి పుడుతుంది, ఎవరికి తగిలితే నవ్వు వస్తుంది! నీతివాక్యం వారం తిరక్కుండా మరిచిపోవచ్చు. ఈ ఏర్పాటు మరుపుకు రాదు.

ఏర్పాటు తెర మీద మాత్రమే లేదు. మేమంతా చూసింది ఒకే ఇంట్లో. ఆ ఇంటి పిల్లలు మంచం మీదా, వాళ్ల చుట్టాలు కుర్చీల్లోనూ, మావంటివాళ్లం నేల మీదా కూచునేవాళ్లం. ఇంకా కొందరు పిల్లలు కిటికీ బయట ఊచలు పట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లు ఊరి చివరి పేట నుంచి వచ్చేవాళ్లు. లోపలికి రావద్దని వాళ్లతో ఎవరూ అనగా నేను వినలేదు; అననవసరం లేకుండానే అందరికీ తెలుసు. ఎండ వాలుగా పడి తెర సరిగా కనిపించనప్పుడు వాళ్లు "ఏమయిందిరా?" అని బయటినుంచి అడిగేవాళ్లు. లోపల ఉన్నవాళ్లు తల తిప్పేవాళ్లు కాదు. తెర మీద ఎలుగుబంటీ, నల్ల చిరుతా, మనిషి పిల్లవాడూ ఒకరికొకరు ప్రాణం పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ స్నేహాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు మాలో ఉన్నారు. ఆ కళ్లనీళ్లు అబద్ధమని నేననను. స్నేహం తెర మీదిది, కిటికీ ఇంటిది అని పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా విడదీసుకున్నారు. ఆ ఆదివారాల్లో మా వీధి నేర్చుకున్న అన్ని పాఠాల్లోకీ గట్టిది ఈ విడదీసుకోవటమే. సభలో సమానత్వం గురించి గంటసేపు మాట్లాడి, ఇంటికి పోయి పనివాళ్ల గ్లాసు వేరే గూట్లో పెట్టగలిగే నేర్పు ఎప్పుడు అలవడుతుందని ఎవరన్నా అడిగితే, నేను ఆ గదిని చూపిస్తాను.

ఇక టామ్ అండ్ జెర్రీ సంగతి. దీనికి మాటలతో పని తక్కువ గనక దీన్ని మన పిల్లలు తమ సొంతం చేసుకున్నారు. హన్నా, బార్బెరా అనే ఇద్దరు 1940లో తీసిన మొదటి చిత్రంలో పిల్లి పేరు ఇంకా టామ్ కాదు, జాస్పర్. ఇంకొక్క వస్తువు పగలగొట్టావంటే ఇంట్లోంచి గెంటేస్తానని పిల్లికి హెచ్చరిక వస్తుంది. అది విన్న ఎలుక గాజు గ్లాసు అంచు మీద పెట్టి, పడేస్తా చూడు అని బెదిరిస్తుంది. అంటే ఆ కథ అంతా ఉద్యోగం ఊడుతుందన్న భయం మీద నడుస్తుంది! పిల్లికి సొంత ఇల్లు లేదు. ఎలుకకు గోడలో కన్నం తప్ప లేదు. హెచ్చరించినది ఇంటిపనులు చూసే నల్లజాతి స్త్రీ. ఆమె మొహం చూపించరు, కాళ్లూ చీపురూ మాత్రం కనిపిస్తాయి. ఆ చిత్రణ తమ జాతిని అవమానిస్తుందని నల్లజాతివారు అభ్యంతరం చెప్పారు. తర్వాతి కాలంలో టెలివిజన్ కోసం కొన్ని చిత్రాల్లో ఆ పాత్రనో, గొంతునో మార్చారు కూడా. మొత్తానికి ఆస్తి ఎవరిదో తెలియని ఇంట్లో, గతిలేనివాళ్లు ఒకళ్లనొకళ్లు చావగొట్టుకుంటూంటే మనం నవ్వుతాం. "చిన్నవాడు పెద్దవాణ్ణి ఓడించాడు" అని దానికి నీతి చెప్పుకుంటాం. ఆ ఇంట్లో పెద్దవాడెవడో మనకు కనపడనే లేదు.

దీన్ని నేను డిగ్రీ తరగతిలో ఒకసారి చర్చకు పెట్టాను. నాలుగిళ్లలో పని చేసి కూతుర్ని చదివించుకుంటున్న తల్లి బిడ్డ ఒకతె ఉంది ఆ తరగతిలో. ఆ అమ్మాయి లేచి, "చిన్నప్పుడు నాకూ నవ్వొచ్చేది సార్. కాని ఆ పగిలిన పింగాణీ అంతా ఎవరు ఊడుస్తారా అనుకునేదాన్ని" అన్నది. నాలాటివాడు పది పుస్తకాలు తిరగేసి పట్టుకున్న సంగతి ఆ పిల్లకు ఏడేళ్ల వయసులోనే తట్టింది. ఆమెకు ఆ ప్రశ్న కార్టూను నేర్పలేదు, వాళ్లమ్మ చేతులు నేర్పాయి. కార్టూను ఆ ప్రశ్న నిలబడటానికి కాస్త చోటిచ్చింది, అంతే.

ఇక్కడ మన మిత్రులతో నాకు కొంత పేచీ ఉంది. బొమ్మల కథల గురించి అభ్యుదయవాదులు రాసినవాటిలో ప్రసిద్ధమైనది, చిలీలో అయెందే ప్రభుత్వం ఉన్న రోజుల్లో, 1971లో, డార్ఫ్‌మన్, మాటెలార్ కలిసి రాసిన పుస్తకం. డొనాల్డ్ బాతు కథల్ని ఎలా చదవాలో అది చెబుతుంది. ఆ బాతుల లోకంలో తండ్రులుండరు, మేనమామలూ మేనల్లుళ్లే ఉంటారు. సంపద ఉంటుంది, దాన్ని పుట్టించే కార్మికుడు కనిపించడు. దూరదేశాల అమాయకుల దగ్గరున్న నిధి బాతుల పరం కావటం సహజంగా జరిగిపోతుంది. ఇదంతా సామ్రాజ్యవాదపు ముచ్చట అని వాళ్లు నిరూపించారు. 1973లో సైన్యం అధికారం కాజేశాక ఆ పుస్తకాన్ని మంటల్లో వేశారు. కాల్చినవాళ్లకైనా అందులో పస ఉందని అర్థమయింది.

వాళ్ల విశ్లేషణతో నాకు తగాదా లేదు. కాని వాళ్లు చదివింది బొమ్మల్ని, పిల్లల్ని కాదు. స్క్రూజ్ మామ నాణాల కొట్టులోకి దూకి ఈత కొట్టటం మేము డక్‌టేల్స్‌లో చూశాం. సంపద అంటే తవ్వుకొచ్చిన నిధి అని ఆ కథ చెప్పింది. మేము నమ్మామా? మా వీధిలో ఒక వడ్డీవ్యాపారి ఉండేవాడు. ఆయన డబ్బులో ఈత కొట్టగా మేమెన్నడూ చూడలేదు. ప్రోనోట్ల కట్ట ముందు పెట్టుకుని ముడుచుకు కూచునేవాడు. ఆ కాగితాల మీద మా నాన్నల సంతకాలుండేవి. అంచేత స్క్రూజ్‌ను చూసి నవ్వుకున్నాం గాని, డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో అతన్ని అడిగి తెలుసుకోవలసిన అగత్యం మాకు పడలేదు. ప్రోనోటు రాయవలసిన అవసరం లేని ఇంటి పిల్లవాడి సంగతి వేరు. వాడికి తెర చెప్పిన దానికి అడ్డుచెప్పేది ఇంట్లో ఏదీ లేదు. పిల్లవాడు మెత్తటి మట్టి, చెడ్డ కార్టూను చెడ్డవాణ్ణి చేస్తుంది, మనం మంచి కార్టూను తీస్తే మంచివాణ్ణి చేస్తుంది అనుకోవటం భౌతికవాదం కాదు. మంత్రం మీద నమ్మకం. బోధకుడు కూడా ముందు బోధ పొందవలసినవాడేనన్న సంగతిని మార్క్స్ 1845లోనే గుర్తుచేశాడు.

మంచి కార్టూను అంటే గుర్తొచ్చింది. మన దేశంలోనే 1974లో విజయా ములే తీసిన "ఏక్ అనేక్ ఔర్ ఏకతా" అనే చిన్న బొమ్మల చిత్రం ఉంది. భీమ్‌సేన్ బొమ్మలు. దాన్ని దూరదర్శన్ ఏళ్ల తరబడి వేసింది. వేటగాడి వలలో చిక్కిన పక్షులన్నీ ఒక్కసారి ఎగిరి వలనే ఎత్తుకుపోతాయి, ఎలుకలు వచ్చి దాన్ని కొరికేస్తాయి. హితోపదేశంలోని పాత కథే. అక్కడ పావురాలకు చిత్రగ్రీవుడనే రాజున్నాడు. ఈ చిత్రంలో ఒక తెలివైన పక్షి ఉపాయం చెబుతుంది గాని రాజు లేడు, వీరుడూ లేడు. పిల్లల కోసం తయారైన కథల్లో ఇటువంటి ఏర్పాటు అరుదు.

కాని ఇది వచ్చిన మరుసటేడే ఎమర్జెన్సీ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది; అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో ప్రజలు ఒకచోట చేరి టెలివిజన్ చూశారు. అదంతా ఎమర్జెన్సీలోనే నడిచింది. ఆ రోజుల్లో ఐకమత్యం గురించీ, క్రమశిక్షణ గురించీ ప్రభుత్వం చెప్పినంతగా మరెవరూ చెప్పలేదు. వేటగాణ్ణి తీసేస్తే ఐకమత్యం కథ విధేయత కథ అవుతుంది. ఆ చిత్రం గుర్తున్నవాళ్లను నేను చాలామందిని కదిపి చూశాను. పాట గుర్తుంది, పక్షులు గుర్తున్నాయి. కథలో వేటగాడున్న సంగతి అడిగితే తప్ప చెప్పినవాడు లేడు.

1997లో వచ్చి 2005 దాకా నడిచిన శక్తిమాన్‌కు వేటగాళ్లు కొల్లలు; పక్షులే లేవు. ఆపద వచ్చినప్పుడు జనం ఆకాశం వైపు చూస్తారు, ఆయన గిరగిరా తిరుగుతూ దిగుతాడు. చివర పిల్లలకు సుభాషితాలు చెబుతాడు. పళ్లు తోముకోవాలి, పెద్దల మాట వినాలి వగైరా. వాటిలో తప్పేమీ లేదు. కాని పిల్లలు అనుకరించినది పళ్లు తోముకోవటాన్ని కాదు, గిరగిరా తిరగటాన్ని. తమను కాపాడతాడని కొందరు పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకున్నట్టు ఆ రోజుల్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. అటువంటి పనులు చెయ్యవద్దని ఆ నటుడే తెర మీద చెప్పవలసి వచ్చింది. న్యాయం పైనించి దిగివస్తుందన్న ఏర్పాటు ముందు సుభాషితం ఎంత బలహీనమో చూడండి. ఆ తరం ఇప్పుడు ఓట్లు వేస్తున్నది. దానికీ దీనికీ సూటిగా లంకె వెయ్యను. వేస్తే నేనిందాక కాదన్న వాదమే అవుతుంది.

ఈనాటి నా విద్యార్థులకు శక్తిమాన్ పాతబడ్డాడు. వాళ్లు ఛోటా భీమ్ చూసి పెరిగారు. ఇది ఎక్కణ్ణించో దిగుమతి అయింది కాదు. మన హైదరాబాదులోని కంపెనీ తయారుచేసి 2008 నుంచి ప్రసారం చేయించినది. లడ్డూ తింటే భీమ్‌కు బలం వస్తుంది. లడ్డూ అందించేది చుట్కీ అనే ఆడపిల్ల. రాజ్యానికి రాజున్నాడు, రాజుకు ఆపద వస్తే భీమ్ తీరుస్తాడు. దుడుకు పిల్లవాడి పేరు కాలియా, అంటే నల్లవాడు. పేరుతోనే తీర్పు అయిపోయింది. తరగతిలో ఈ మాట అన్నప్పుడు, చామనఛాయకన్నా కాస్త నలుపైన ఒక కుర్రవాడు బడిలో తనను అందరూ అదే పేరుతో పిలిచేవాళ్లని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. మరొకడు అడ్డువచ్చి, కష్టం వచ్చినప్పుడు కాలియా కూడా భీమ్ పక్కనే ఉంటాడు, అది ఎందుకు చెప్పరు అన్నాడు. దాని మీద వాదన పెరిగింది. పింగాణీ సంగతి అడిగిన అమ్మాయి అంతసేపూ ఊరుకుని, చివరికి, టున్‌టున్ దుకాణంలో భీమ్ తిన్న లడ్డూలకు డబ్బు ఎవరిస్తారని అడిగింది. రాజు ఇస్తాడని ఒకడన్నాడు. రాజుకెక్కడిదని మరొకడన్నాడు. ఇంతలో గంట కొట్టారు. ఢోలక్‌పూర్‌లో పన్నులు ఎవరు కడతారన్నది వచ్చే మంగళవారం తేల్చుకుందామని వాళ్లే నిర్ణయించుకున్నారు.