పలికేవాడిదే భాష

హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ నేర్పుతారు. ఏ స్పానిష్ శాఖలోనైనా మన పిల్లలు క్లబ్బు పెట్టుకుని ఆ భాషలో పాడితే, నాటకమాడితే చప్పట్లు కొడతాం. ఆ భాష నీదెలా అయిందని అడగం. ఖమ్మంలో ముస్లిం తెలుగులో రాస్తే మాత్రం 'మీకింత మంచి తెలుగెలా వచ్చింది?' అంటారు. ఆ మెప్పులోనే వెలి ఉంది.

స్పెయిన్ 1609లో ముస్లిం సంతతివాళ్లయిన మోరిస్కోలను వెళ్లగొట్టడం మొదలుపెట్టింది. చక్కెరను 'అసూకర్' అనడం మాత్రం మానలేదు. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చిందే. మన రైతు, హక్కు, ఫిర్యాదు కూడా అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. మాటలు సొంతం, మనుషులు పరాయివాళ్లా?

దున్నేవాడిదే భూమి అన్న నేల ఇది. పలికేవాడిదే భాష. ఈ న్యాయం మాకే కాదు, భద్రాచలం అడవి అంచున బడికెళ్లే కోయ పిల్లకూ దక్కాలి. నేర్చిన తెలుగూ ఆమెదే, ఇంటి కోయ మాటా ఆమెదే.