సర్కారు తుమ్మ నీడలో ఆసెలాట్

హ్యూస్టన్‌లోనో డల్లాస్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లల్ని పులి గురించి అడిగితే టకటకా చెబుతారు. ఏనుగు, నెమలి సరేసరి. అమ్మమ్మ చెప్పే కథల పుణ్యమా అని జిత్తులమారి నక్క కూడా తెలుసు. కానీ తాముంటున్న టెక్సాస్‌లోనే ఒక చుక్కల అడవిపిల్లి ఉందని, అమెరికా మొత్తంలో అది పిల్లల్ని కని పెంచుకుంటున్నది ఆ రాష్ట్రపు దక్షిణ కొసలోనేనని ఎంతమందికి తెలుసు? దాని పేరు ఆసెలాట్. అక్కడ మిగిలినవి వంద అటూ ఇటూ.

వారాంతపు తెలుగు బడుల్లో పిల్లలకు భూతదయ గురించి తప్పకుండా చెబుతారు. ఆ దయకు కళ్లెదుట ఒక ప్రాణి కూడా ఉంటే ఆ పాఠం మనసుకు పడుతుంది. పుట్టి పెరుగుతున్న నేలమీది జీవాల్ని గుర్తుపట్టలేని పిల్లలకు ఆ నేల సొంతం కాదు.

ఆసెలాట్‌ను పరిచయం చేయాలంటే దాని ఒంటిమీది మచ్చల నుంచే మొదలుపెట్టాలి. నల్లటి అంచులున్న మచ్చలు పక్కటెముకల మీదుగా గొలుసుల్లా సాగుతాయి. నుదుటిన చారలు, చెవుల వెనక చెరొక తెల్ల చుక్క. ఏ రెండింటి మచ్చలూ ఒకలా ఉండవు; ఒకే పిల్లికి కుడి పక్కన ఉన్నట్టు ఎడమ పక్కన ఉండవు. పొదల్లో అమర్చిన కెమెరాలకు చిక్కిన బొమ్మల్లో ఏది ఏ పిల్లో శాస్త్రవేత్తలు పోల్చుకునేది ఈ మచ్చలతోనే. రెండు ఫొటోలు ముందు పెట్టి ‘ఇవి రెండూ ఒకటేనా, వేరువేరా?’ అని అడిగి చూడండి. ఏడేళ్ల పిల్లలు కూడా కదలకుండా కూర్చుని వెతుకుతారు.

బరువు 7 నుంచి 14 కిలోలు. రాత్రివేళ ఎలుకలు, కుందేళ్లు, బల్లులు, పక్షుల్ని వేటాడుతుంది. పక్షి దొరికితే ముందు ఈకలు పీకి, ఆ తర్వాతే తింటుంది. ఈ ముక్క చెబితే పిల్లలు ఇక మరిచిపోరు.

దాని ఇల్లు మాత్రం అమ్మమ్మ, తాతయ్యలకే బాగా అర్థమవుతుంది. మన ఊళ్లలో చెరువు గట్లను కమ్మేసిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం మెస్కీట్ చెట్టు. మన దగ్గర అది ఎక్కడినుంచో వచ్చి పడిన పీడ. దక్షిణ టెక్సాస్‌లో మెస్కీట్ పుట్టింటి చెట్టే. దానితోపాటు రకరకాల ముళ్లపొదలు ఎండ దూరనంత ఒత్తుగా అల్లుకున్న చోటే ఆసెలాట్ పిల్లల్ని దాచుకుంటుంది. అక్కడి రియో గ్రాండే లోయలో అలాంటి చిట్టడవిని 95 శాతానికి పైగా పొలాల కోసం, ఊళ్ల కోసం నరికేశారు.

మిగిలిన అడవి తునకల మధ్య రోడ్లు. అక్కడి ఆసెలాట్‌ల చావుకు తెలిసిన కారణాల్లో మొదటిది వాహనాలే. సెలవులకు సౌత్ పాద్రే దీవికి వెళ్లే తెలుగు కుటుంబాలు దారిలోని పోర్ట్ ఇసబెల్ ఊరికి ఎక్కువగా చేరేది 100వ నంబరు రాష్ట్ర రహదారి మీదుగానే. జంతువులు దాటడానికి ఆ రోడ్డు కింద దారులు కట్టారు, పక్కన కంచెలు వేశారు. వాటిని కారులోంచి పిల్లలకు చూపించాలి. పొద్దుగూకాక అటు వెళుతుంటే వేగం తగ్గించాలి. ఎందుకు తగ్గించారో వెనక సీట్లోని పిల్లలకు చెప్పాలి.

ముద్దుగా ఉంది కదా, పెంచుకుందామని పిల్లలు అడుగుతారు. ఒకప్పుడు పెద్దలే ఆ పని చేశారు. చిత్రకారుడు సాల్వడార్ డాలీ ‘బాబూ’ అనే ఆసెలాట్‌ను గొలుసుకట్టి వెంట తిప్పుకున్నాడు. అదే కాలంలో చర్మపు కోట్ల కోసం వాటిని విపరీతంగా చంపారు. అమెరికాలో అంతరించే ప్రమాదమున్న జంతువుగా 1982లో చట్టరక్షణ దొరికింది. ఈ సంగతి దాచకుండా చెప్పడమే మంచిది.

సెలవులకు కాకినాడ వెళితే కోరింగ మడ అడవుల గురించీ చెప్పొచ్చు. అక్కడా ఒక అడవిపిల్లి ఉంది, చేపలు పట్టే నీటిపిల్లి. ఇటు ముళ్లపొద, అటు మడ చెట్టు. రెండు పిల్లులకూ కావలసింది నరకకుండా వదిలేసిన కాస్త చోటే.

చూడాలనుకునేవారికి బ్రౌన్స్‌విల్‌లోని గ్లాడిస్ పోర్టర్ జూ ఉంది. లగూనా అటస్కోసా అభయారణ్యం మిత్రబృందం ఆసెలాట్ ‘దత్తత’ పథకం నడుపుతోంది. ఆ డబ్బు వాటి సంరక్షణకే వెళుతుంది. ఉగాది వేడుకల ఖర్చులో కొంత తీసిపెట్టి తెలుగు బడి పిల్లల పేరుమీద ఒకటి దత్తత తీసుకోవడం ఏ తెలుగు సంఘానికైనా భారం కాదు.